3–8 ఏళ్ల పిల్లల్లో ప్రతిభ: ఏం చూడాలె, ఎట్ల పెంచాలె, దేనికి డబ్బులు తగలెయ్యొద్దు

గట్టుమీది చెట్టు (నిర్వాహకులు, హన్మకొండ)
"మా పిల్లకు దేంట్లో టాలెంట్ ఉందో ఎట్ల తెలుస్తది?" అన్న ప్రశ్న ఇక్కడ నెలకు నాలుగైదు సార్లు వస్తోంది. అన్నీ ఈ ఒక్క థ్రెడ్‌లోకి తెస్తున్నాం. నియమాలు రెండే. "మావాడు మూడేళ్లకే ఇట్ల చేసిండు" కథలు వద్దు. పద్ధతి రాయండి, కొలత రాయండి, ఎక్కడ చెడుతుందో రాయండి. ఏ ప్రైవేటు స్కూలు పేరూ, ఏ కోచింగ్ సెంటర్ పేరూ వద్దు, మెచ్చుకోవడానికైనా సరే.

పోచమ్మమైదాన్ నాన్న
అయితే నేనే మొదలువెడ్త. 5 ఏండ్ల పాప. వేలిముద్రలు తీసుకొని ఏ తెలివి ఎంత శాతమో చెప్పే టెస్టు ఉందంటున్నరు, రిపోర్టు నలభై పేజీలు వస్తదట. చేయించొచ్చా?

చిన్నపిల్లల గది (కరీంనగర్)
వద్దండి. వేలిముద్రల గీతలు తల్లి కడుపులో ఆరో నెల దాటేసరికే స్థిరపడిపోతాయి. ఆ తర్వాత పిల్ల ఏం నేర్చినా, ఏం మరిచినా అవి మారవు. గీతల వంపుకూ పాట పాడే గొంతుకూ, లెక్క చేసే బుర్రకూ ముడిపెట్టే ఆధారం లేదు. ఈ డీఎంఐటీ పరీక్షకు శాస్త్రీయమైన పునాది లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ప్రకటించింది. రిపోర్టు "అచ్చం మా పిల్లే" అనిపించడానికి కారణం వేరు. "ప్రేమగా చెబితే వింటుంది, ఇష్టమైన పనిలో లీనమవుతుంది" లాంటి మాటలు ఏ పిల్లకైనా అతుకుతాయి. పేరు కొట్టేసి పక్కింటావిడకు ఇచ్చి చూడండి, ఆమె కూడా తలూపుతుంది.

దీని అన్నదమ్ముడే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్, కళ్లకు గంతలు కట్టి చదివించడం. గంత ఎంత బిగించినా ముక్కు పక్కన సన్నటి సందు మిగులుతుంది. అందుకే కాగితాన్ని ఎప్పుడూ గడ్డం కింద, ఒళ్లోకి పట్టుకుంటారు. కాగితాన్ని నుదుటికి పైన పట్టండి, లేదా గడ్డం కింద ఒక అట్ట అడ్డం పెట్టండి. చదువు అక్కడికక్కడే ఆగుతుంది. డబ్బు పోవడం చిన్న నష్టం. సందులోంచి చూసి చెబితే అమ్మానాన్నలు మురిసిపోతున్నారని ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుంది చూడండి, అది పెద్ద నష్టం.

అంగన్‌వాడీ పలక (పర్వతగిరి)
కొనాల్సింది ఒక్క లాంగ్ నోటుబుక్కు. ఆరు వారాలు, రోజుకు పది నిమిషాలు. అట్ట మీద పిల్ల పుట్టిన నెల రాయండి (ఎందుకో లెక్కల సారు చెప్తరు). లోపట అయిదు గళ్లు కొట్టుకోండి: ఏ టైము, ఏం చేసింది, ఎంతసేపు, ఎవరు మొదలువెట్టిన్రు, చెడిపోయినప్పుడు ఏం చేసింది. అసలు సంగతి ఆఖరి రెండు గళ్లల్లనే ఉంటది. మనం కూసోవెట్టి చేయిస్తే "నేను చెప్పిన" అని పక్కన రాయాలె.

మచ్చుకు ఒక రోజు గిట్ల ఉంటది:
"మంగళవారం సాయంత్రం 5:20 నుంచి 5:55. బోరింగు కాడ మట్టిల కాలువ తవ్విండు. తనే మొదలువెట్టిండు. నీళ్లు పక్కకు పోయినయి. ఒకసారి చేత్తోటి ఆపిండు, ఇంకోసారి రాయి అడ్డం వెట్టిండు, మూడోసారి కాలువనే వంపు తిప్పిండు. పిలిస్తే రాలే."

దీన్ని చదివి "మట్టిల ఆడుడు ఇష్టం" అని రాసుకుంటే పావు వంతే అర్థమైనట్టు. "అడ్డం వస్తే తీరు మారుస్తడు, అరగంట నిలబడ్తడు" అన్నది అసలు ముచ్చట. గిట్లాంటియి ఆరు వారాల్ల ఏడెనిమిది కనిపిస్తే, అదీ వేరువేరు చోట్ల కనిపిస్తే, అప్పుడు నమ్మాలె.

చాలామంది చేసే తప్పు: మొదటి వారంలనే "మనోడు ఇంజనీరు" అని తేల్చేసుడు. ఇంకోటి, పిల్ల ముందట కూసోని రాసుడు. చూస్తున్నరని తెలిస్తే ఆట నాటకమైతది. జ్వరమొచ్చిన రోజులు, చుట్టాలొచ్చిన రోజులు లెక్కల వెయ్యకండి. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం వదలొద్దు. తంగేడు వరుస మీద ఏ రంగు అద్దిన గునుగు వెయ్యాలెనో తనే ఎంచే పిల్ల, చప్పట్ల అడుగు తప్పని పిల్ల, పెద్దోళ్లు మరిచిన చరణం అందిచ్చే పిల్ల, ముగ్గురూ ఒక్క వాకిట్లనే కనవడ్తరు.

లెక్కల గూడు (కాజీపేట)
పుట్టిన నెల సంగతి. బడి జూన్‌లో మొదలవుతుంది. ఒకే క్లాసులో జూలైలో పుట్టిన పిల్లా, మరుసటి మే నెలలో పుట్టిన పిల్లా పక్కపక్కనే కూర్చుంటారు. తేడా 10 నెలలు. అయిదేళ్ల వయసుకు అది బతికిన కాలంలో ఆరో వంతు. ఆ పెద్ద పిల్లే ముందు చదువుతుంది, గట్టిగా పరిగెత్తుతుంది, ప్రైజు తెచ్చుకుంటుంది. టీచర్లు ఆమెకే మళ్లీ అవకాశమిస్తారు. రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో కెనడా హాకీ ఆటగాళ్లలో చూపించింది సరిగ్గా ఇదే: ఎంపికైనవాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. కాబట్టి మీ పిల్లను క్లాసుతో పోల్చేముందు నెలలు లెక్కపెట్టండి.

ఇక లెక్కల బుర్ర. ఎక్కాలు అప్పజెప్పడం, వంద దాకా చదవడం జ్ఞాపకశక్తిని చూపిస్తాయి, అంతే. చూడాల్సింది వేరే. అరచేతిలో ఆరు చింతగింజలు రెండు సెకన్లు చూపించి మూసేయండి. మూడు నాలుగు దాకా ఏ పిల్లయినా చూపుతోనే చెబుతుంది. ఆరు చూసి "మూడూ మూడూ" అన్నదంటే గుంపులు చూస్తోందన్నమాట. ఆరేడేళ్లవాళ్లను 7, 8 కలిపితే ఎంతని అడిగి, జవాబు వదిలేసి "ఎట్ల చేసినవ్" అని అడగండి. "ఏడూ ఏడూ పద్నాలుగు, ఇంకొకటి" అని దారి చెప్పిన పిల్ల, వేళ్ల మీద ఎంచి 15 అన్న పిల్లకన్నా చాలా ముందుంది. జవాబు తప్పయినా దారి బాగుంటే నోటుబుక్కులో దారే రాయండి.

అన్నిటికన్నా మంచి పరీక్ష మన ఇంట్లోనే ఉంది, వామనగుంటలు. కొన్ని ఊళ్లల్లో ఓనగుంటలు అంటారు. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. చిన్నపిల్లలకు గుంటకు నాలుగు గింజలతో మొదలుపెట్టండి. మొదట్లో ఏ గుంట నిండుగా ఉంటే అది తీస్తారు. కొన్నాళ్లకు ఒక పిల్ల గింజలు చేతిలోకి తీసుకోకముందే కళ్లతో గుంటలు దాటుకుంటూ పోయి, ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో చూసుకుని వెనక్కొస్తుంది. వేలు గాల్లో కదులుతుంది, పెదాలు కదులుతాయి. ఆ క్షణాన్ని పట్టుకోండి. ఆరేళ్లకు అది చేస్తున్న పిల్లకు చదరంగం బల్ల ఇవ్వొచ్చు.

చదరంగం 32 పావులతో మొదలుపెట్టకండి. ఇద్దరికీ ఎనిమిదేసి బంట్లు మాత్రమే. ఎవరి బంటు ముందు అవతలి అంచు చేరితే వాళ్లు గెలిచినట్టు. రెండు వారాల తర్వాత రాజును దింపండి, ఆ తర్వాత ఏనుగు, ఒంటె, చివర గుర్రం. చెడేది ఎక్కడంటే, నాలుగు ఎత్తుల్లో కట్టేసే చిట్కా నేర్పడంతో. ఊళ్లో నలుగురిని గెలుస్తాడు, అయిదోవాడు దాన్ని ఆపగానే బల్ల తోసేస్తాడు. ఓడాక "ఏ ఎత్తు తప్పు" అని అడిగే పిల్లనే ముందుకు తీసుకుపోవాలి. మన వరంగల్ అర్జున్ ఇరిగేశి 2018లో 14 ఏళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024లో 2800 రేటింగ్ దాటాడు. ఆ పేరు చెప్పి నాలుగేళ్ల పిల్లకు రోజూ మూడు గంటల క్లాసు పెట్టేవాళ్లున్నారు. ఆ వయసుకు 20 నిమిషాలు చాలు.

పోచమ్మమైదాన్ నాన్న
అబాకస్ సంగతేంది సార్?

లెక్కల గూడు (కాజీపేట)
కూడికలు, తీసివేతలు నోటితో వేగంగా చేయడానికి పనికొస్తుంది. పైన ఒక పూస 5, కింద నాలుగు పూసలు ఒక్కోటి 1. కొన్నేళ్లకు ఆ బొమ్మ తలలోనే కదులుతుంది. కానీ ఆ వేగం వేరే లెక్కల్లోకి దానంతట అది పాకదు. "20 జామకాయలు ఆరుగురికి పంచితే ఎన్ని మిగులుతయ్" అని అడిగి చూడండి, మూడంకెల వరుసలు గడగడా కూడే పిల్లలు కొందరు ఇక్కడ ఆగిపోతారు. పిల్లకు ఇష్టమైతే పంపండి. ప్రతిభకు కొలబద్ద అనుకుని పంపకండి. రెండో తరగతి నుంచే నవోదయ కోచింగ్ కూడా ఇలాంటిదే. ఆ పరీక్షలో 80 ప్రశ్నల్లో 40 మానసిక సామర్థ్యానివే, అన్నీ బొమ్మలు: మడిచిన కాగితం, అద్దంలో ప్రతిబింబం, తప్పిపోయిన ముక్క. చిన్నప్పుడు కాగితం మడిచి కత్తిరించి, విప్పేముందు "రంధ్రాలు ఎన్ని, ఎక్కడ" అని ఊహించే ఆట ఆడితే సరిపోతుంది. అయిదో తరగతిలో పాత పేపర్లు చేయించుకోవచ్చు.

చింతగింజ (చేర్యాల)
బొమ్మల వైపు నుంచి కొంత. చూసి దించగలిగే వయసు ఇంచుమించు ఇట్లా ఉంటుంది: గుండ్రం మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగుకు, చతురస్రం నాలుగు దాటాక, త్రిభుజం అయిదుకు, డైమండ్ ఆరేడుకు. మనిషి బొమ్మ మూడున్నర, నాలుగేళ్లప్పుడు గుమ్మడికాయకు కాళ్లు మొలిచినట్టుంటుంది, అది తప్పు కాదు. "మెడ ఏదిరా" అని సరిదిద్దితే రెండో రోజు నుంచి "నువ్వే గియ్యి" అంటుంది.

కార్టూన్ బొమ్మను అచ్చు దించడం చూసి మురిసిపోకండి. బస్సు ఎదురుగా లేకుండా ఆర్టీసీ బస్సు గీయమనండి. తలుపు ఎడమ పక్కన పెట్టిందా, డ్రైవర్‌ను కుడి పక్కన కూర్చోబెట్టిందా, కిటికీ కమ్మీలు, పైన ఊరి పేరు బోర్డు గుర్తున్నాయా? ఒకదాని వెనక ఒకటి దాగినట్టు గీస్తోందా, లేక అన్నీ పక్కపక్కనే పరుస్తోందా? అయిదేళ్లకే వెనక ఉన్నదాన్ని సగం కప్పి గీసిందంటే చూపు పదునైందని.

సామాను ఖరీదైంది అక్కర్లేదు. పాత క్యాలెండర్ వెనక వైపు, లావు క్రేయాన్లు, విరిగిన సుద్దముక్కలు. రెండు సెంటీమీటర్ల సుద్దముక్క ఇస్తే మూడు వేళ్ల పట్టు తనంతట తానే వస్తుంది, పొడుగు పెన్సిల్ ఇస్తే పిడికిలితో పడుతుంది. కలరింగ్ పుస్తకం గీత దాటకపోవడం నేర్పుతుంది, గీత పుట్టించడం నేర్పదు.

ఆరు దాటినవాళ్లకు చేర్యాల పద్ధతి ముఖం బొమ్మ చేయించండి, చేతిపని ఉన్న పిల్ల రెండు రోజుల్లో తేలిపోతుంది. చింతగింజలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి చిక్కటి గంజిలా ఉడికించాలి. ఇది పెద్దవాళ్ల పని, పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు. జల్లించిన రంపపు పొట్టులో ఆ గంజి కొద్దికొద్దిగా పోసి చపాతీ పిండిలా పిసకాలి. పీచు తీసి గరుకు కాగితంతో రుద్దిన కొబ్బరి చిప్ప మీద అర సెంటీమీటర్ మందంతో పరచాలి. ముక్కు, పెదాలు, కనుబొమలు పిండి తడిగా ఉండగానే అతకాలి. అతికేచోట కొంచెం గంజి పూయకపోతే ఎండాక ముక్కు ఊడి చేతికొస్తుంది. నీడలో మూడు రోజులు. ఎండలో పెడితే పైన బిగుసుకుని లోపల తడి నిలిచి పగుళ్లిస్తుంది, మందం ఎక్కువైనా అంతే. తర్వాత తుమ్మ జిగురు కలిపిన సుద్ద రెండు పూతలు, ఆరాక రంగులు.

చూడాల్సింది రంగు అందం కాదు. పగులు వచ్చినప్పుడు ఏడ్చి వదిలేసిందా, కొత్త పిండి తెచ్చి పూడ్చిందా? రెండు కళ్లు ఒక ఎత్తున రావడానికి వేలితో కొలుచుకుందా? పక్కకు తిప్పి చూసిందా? నకాషీ పనికి, అంటే ఈ చేర్యాల బొమ్మల పనికి, కావలసిన చేయి అక్కడ తెలుస్తుంది.

తిస్రం (రంగశాయిపేట)
సంగీతం. ముందు తాళం. మీరు కొట్టండి, పిల్ల తిరిగి కొట్టాలి: తక, తకిట, తకధిమి. నాలుగేళ్లకు మూడు నాలుగు దెబ్బలు చాలు. ఆ తర్వాత మధ్యలో ఒక దెబ్బ ఖాళీ వదిలి కొట్టండి. ఖాళీని కూడా ఖాళీగానే ఉంచే పిల్ల అరుదు, ఆ పిల్ల పేరు రాసుకోండి.

గొంతుకు ఒక చిన్న మోసం చేయాలి. పిల్లకు బాగా తెలిసిన పాటలో ఒక్క స్వరం కావాలని తప్పు పాడండి, మాటలు మార్చకుండా. కొందరు పాడుకుంటూ పోతారు. ఒకరు ఆగి మీ మొహం వంక చూస్తారు. చెవి అంటే అదే. పాడటం రాకపోయినా ఆ చెవి ఉన్న పిల్లకు వయొలిన్ నేర్పొచ్చు.

చాలామంది పిల్లలకు శృతి తప్పుతుంది అనుకుంటారు గాని, తప్పేది పెద్దవాళ్లే. నాన్న ఒకటి కట్టె శృతిలో (కట్టె అంటే శృతి మెట్టు, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి) పాడి పిల్లను అనుకరించమంటే ఆ గొంతు కిందికి రాదు. చిన్నపిల్లలకు అయిదు, అయిదున్నర కట్టె చుట్టుపక్కల హాయిగా ఉంటుంది. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి ఒక్కో అరమెట్టు జరుపుతూ ఎక్కడ నవ్వుతూ పాడుతుందో చూడండి. సరళీ స్వరాలు (మొదటి పాఠాలు) మాయామాళవగౌళ రాగంలో మొదటి కాలం (నెమ్మది వేగం) నిలిచేదాకా రెండో కాలానికి పోవద్దు. రోజుకు 10–15 నిమిషాలు, పొద్దున. టీవీ పోటీల పాటలు ఆ పెద్ద గొంతుతో అరిచి పాడితే స్వరపేటికలో కాయల్లాంటి గడ్డలు రావొచ్చు. గొంతు బొంగురు రెండు వారాలు దాటితే పాట ఆపి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

వయొలిన్ సైజు పెద్ద తప్పు జరిగేచోటు. "ఎదుగుతుంది కదా" అని ఫుల్ సైజు కొంటారు, చెప్పులు కొన్నట్టు. ఎడమ చేయి చాచితే వాద్యం తల పిల్ల అరచేతిలో ఒదగాలి, మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. ఇంచుమించు ఆరేడేళ్లకు పావు సైజు, ఎనిమిది తొమ్మిదికి అర సైజు, పది పదకొండుకు ముప్పావు. పెద్దది ఇస్తే మెడ వంకరపోతుంది, చిటికెన వేలు ఎప్పటికీ తీగ అందుకోదు. కీబోర్డుతో స్వరస్థానం తెలుస్తుంది, గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) రాదు. కొంచెం పెద్దయ్యాక వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది, చేరే ముందు వయసు నిబంధన కనుక్కోండి.

ఆరో లేన్ (జేఎన్ఎస్, హన్మకొండ)
ఆటలల్ల మొదటి మాట: ఏడేండ్లలోపు పిల్లకు "నీది ఈ ఆట" అని ముద్ర వెయ్యకండి. ఆ వయసుల చూసేది సమతూకం, ఎగురుడు, పట్టుడు. నాలుగేండ్లకు ఒంటికాలు మీద కుంటాలె, అయిదుకు ఒంటికాలు మీద పది సెకన్లు నిలబడాలె. అయిదారేండ్లకు టెన్నిస్ బంతి రెండు చేతులతోటి పట్టాలె, ఛాతీకి ఒత్తుకొని కాదు. తొక్కుడుబిళ్ల ఆడిస్తే మూడూ కనవడ్తయి.

స్పోర్ట్స్ స్కూలుకు పంపుదామనుకునేటోళ్లు వినండి. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ మూడింటికీ నాలుగో తరగతిల ప్రవేశాలు. పరీక్షలు తొమ్మిది, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 27: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందు నుంచే ఉరికొచ్చి గీత దాటేది), స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలబడ్డకాడికెళ్లి ముందుకు దూకుడు), వర్టికల్ జంప్ (పైకి ఎగురుడు), మెడిసిన్ బాల్ (బరువు బంతి విసురుడు), 6×10 మీటర్ల షటిల్ రన్ (10 మీటర్లు అటూ ఇటూ ఆరుసార్లు ఉరుకుడు), ఒంగి అందుకునే ఫ్లెక్సిబిలిటీ, 800 మీటర్లు. మండలం, జిల్లా, రాష్ట్రం, మూడు మెట్లు.

మార్కులు ఎక్కడ పోతయంటే, బ్రాడ్ జంప్‌ల వెనుక మడమ కాడికి కొలుస్తరు. దూకి వెనక్కు చెయ్యి ఆనిస్తే చెయ్యి కాడికే కొలత. కాబట్టి దూరం దూకుడు ఎంత ముఖ్యమో, మోకాళ్లు వంచి ముందుకు ఒరిగి దిగుడు అంతే ముఖ్యం. షటిల్‌ల గీత దాటి పోయి గుండ్రంగ తిరుగుతరు, అక్కడ్నే అరసెకను పాయె. గీతకు రెండడుగుల ముందే నడుము దించి, ఒక కాలు అడ్డం వెట్టి మళ్లాలె. 800 మీటర్లల్ల మొదటి 200 పందెం లెక్క ఉరికి మిగిలింది నడుస్తరు. మొదటి 400 మాట్లాడగలిగేటంత నెమ్మదిగ పోవాలె.

పరీక్ష దగ్గరవడ్డదని రోజూ 800 ఉరికించుడు మహా తప్పు. ఎనిమిదేండ్ల నుంచి మడమ వెనుక ఎముక ఇంకా మెత్తగ ఉంటది, అక్కడ నొప్పి మొదలైతది. పిల్ల పొద్దున లేవంగనే మునివేళ్ల మీద నడుస్తుంటే అదే గుర్తు. రెండు మూడు వారాలు ఉరుకుడు, దూకుడు బంద్, ఈత మంచిది. వారంల ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు, ఒక ఆటకు ఏడాదిల రెండు మూడు నెలలు సెలవు, వారంల సాధన గంటలు పిల్ల వయసును దాటొద్దు. ఇవి అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పినయి, మన ఎండలకు ఇంకా గట్టిగ వర్తిస్తయి. ఏప్రిల్, మే నెలల్ల పొద్దున ఏడున్నర లోపట ముగించాలె.

ముందుగాల్నే ఒక ఆట ఎంచకుంటే వెనకవడ్తరేమో అని భయపడకండి. నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదలు ఉరుకుడు పందాలల్ల ఉండె, తర్వాత బాక్సింగ్‌కు వచ్చింది. 2022ల, 2023ల ప్రపంచ చాంపియన్.

లెక్కల గూడు (కాజీపేట)
అన్నా, ఇక్కడ ఒక్క మాట. అన్ని ఆటలూ ఆడించాలన్నది పరుగుకు సరే. చెవికీ వేళ్లకూ సంబంధించినవి ఆరేడేళ్లలోపు మొదలుపెడితే తేడా ఉంటుంది కదా?

తిస్రం (రంగశాయిపేట)
ఉంటుంది. సంపూర్ణ స్వరజ్ఞానం, అంటే ఏ ఆధారమూ లేకుండా స్వరం పేరు చెప్పగలగడం, ఆరేడేళ్ల తర్వాత మొదలుపెట్టినవాళ్లలో బాగా అరుదు. కానీ అది లేకుండా కచేరీలు చేసేవాళ్లే ఎక్కువ. "ముందు మొదలుపెట్టు" అంటే ఇంట్లో రోజూ శృతి వినిపించడం. వారానికి అయిదు క్లాసులు కాదు.

మాట మూట (ఏటూరునాగారం)
ఈ థ్రెడ్‌లో మాటల ప్రతిభ గురించి ఎవరూ రాయలేదు. మన వైపు అత్యంత తరచుగా తప్పిపోయేది ఇదే. కోయ ఇంట్లోనో, లంబాడీ తండాలోనో, ఉర్దూ ఇంట్లోనో పెరిగిన పిల్లను ఇంగ్లిష్ మీడియం క్లాసులో కూర్చోబెట్టి "సైలెంట్ చైల్డ్" అని రాసేస్తారు. ఆ పిల్ల ఇంటి దగ్గర కోడి పోయిన కథను నాలుగు గొంతులతో చెబుతూ ఉంటుంది. ఏ పరీక్షయినా ముందు ఇంటి భాషలో పెట్టండి. టీచర్‌కు ఆ భాష రాకపోతే అవ్వనో, అక్కనో పక్కన కూర్చోబెట్టండి.

పద్ధతి: నాలుగు బొమ్మలు వరుసగా పేర్చి కథ చెప్పమనండి. మాటల సంఖ్య లెక్కపెట్టకండి, అతుకులు లెక్కపెట్టండి. "అందుకని", "అయితే", "లేకపోతే", "అనుకున్నది గానీ" లాంటివి. నాలుగేళ్లకు "తర్వాత, తర్వాత" అనే ఉంటుంది. అయిదారుకు కారణం రావాలి. బొమ్మలో లేని మనసును, అంటే "కుక్క భయపడ్డది, ఎందుకంటే తనను కొడ్తరనుకున్నది" లాంటి వాక్యాన్ని అయిదేళ్లలోపే కట్టిన పిల్లను గమనించండి. పొడుపు కథలు ఇంకో గీటురాయి. "కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలని చెప్పడం ఒక మెట్టు. ఆ మర్నాడు తనే ఒక పొడుపు అల్లుకుని రావడం రెండో మెట్టు. అది వంకరగా ఉన్నా, విప్పడం కుదరకపోయినా నవ్వకండి.

అసలు అవకాశం ఎదురుపడనిదే కొన్ని బయటపడవు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి కోట బండ మీద తాడు కట్టి ఎక్కించి చూడకపోతే ఆ కాళ్లలో, ఆ గుండెలో ఏముందో ఏ మార్కుల జాబితా చెప్పేది కాదు. కాబట్టి ఆరు వారాల నోటుబుక్కు మొదలుపెట్టే ముందు ఇంట్లో మట్టి, గింజలు, సుద్దముక్కలు, బంతి, డప్పులాంటి డబ్బా, రెండు కథల పుస్తకాలు చేతికందే ఎత్తులో ఉండాలి. ఫోన్ ఒక్కటే అందుతుంటే నోటుబుక్కులో ఫోనే కనిపిస్తుంది.

చిన్నపిల్లల గది (కరీంనగర్)
రెండు హెచ్చరికలు. మొదటిది, మూడేళ్లకే దుకాణం బోర్డులన్నీ చదివే, దేశాల రాజధానులన్నీ చెప్పే పిల్లలు. సంతోషమే, కానీ నాలుగు సంగతులు చూడండి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? విమానం కనిపిస్తే మీకు చూపడానికి వేలు చాపుతోందా? బొమ్మకు అన్నం తినిపించినట్టు ఉత్తుత్తి ఆట ఆడుతోందా? మీరు అడిగినదానికి జవాబు చెప్పి మళ్లీ తనొకటి అడుగుతోందా? ఇవి లేకుండా చదవడం మాత్రమే ఉంటే దాన్ని హైపర్‌లెక్సియా అంటారు, ఆటిజంతో కలిసి ఉండొచ్చు. చదివినదాని అర్థం అడిగితే తెలిసిపోతుంది. ఆ పిల్లను స్టేజీ ఎక్కించే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

రెండోది, "దీనికి దేంట్లోనూ ఆసక్తి లేదు" అనిపించే పిల్లలు. ముందు చెవులు, కళ్లు. జలుబు తర్వాత చెవి లోపల నీరు నిలిస్తే నెలల తరబడి మాటలు మసకగా వినిపిస్తాయి. టీవీ సౌండు పెంచుతుంది, వెనక నుంచి పిలిస్తే పలకదు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య తనిఖీకి ప్రభుత్వ పథకం) బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తాయి, ఆ రోజు పిల్లను మానిపించకండి. తేడా ఉంటే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (ఇలాంటి పిల్లలకు తొలిదశలోనే చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం) పంపుతారు, ఖర్చు ఉండదు.

లోపమూ ప్రతిభా ఒకే పిల్లలో ఉండొచ్చు. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధోపరమైన వైకల్యమున్నవాళ్ల టీ20 విభాగంలో 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చదువు రాదని ఇంట్లో కూర్చోబెడితే ఆ పరుగు ఎవరికీ కనిపించేది కాదు.

పోచమ్మమైదాన్ నాన్న
ఇంకోటి. బొమ్మ గీస్తే చాక్లెట్ ఇస్తున్నం. పోటీలకు కూడ పంపుతున్నం. తప్పా?

లెక్కల గూడు (కాజీపేట)
చాక్లెట్ ఆపండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు బొమ్మలంటే అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు "గీస్తే బహుమతి సర్టిఫికెట్" అని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత, బహుమతి ఊసు లేనప్పుడు, ఆ గుంపు గీయడం మిగతావాళ్లలో సగానికి పడిపోయింది. చెప్పకుండా బహుమతి ఇచ్చిన గుంపులో తగ్గలేదు. ముందే బేరం పెట్టడం వల్లే ఇష్టం కూలిపని అయిపోయింది.

మెచ్చుకోలు కూడా అంతే. "నువ్వు జీనియస్‌వి రా" వద్దు. 1998లో ముల్లర్, డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగంలో తెలివిని పొగిడించుకున్నవాళ్లు ఆ తర్వాత తేలిక లెక్కలే ఎంచుకున్నారు, ఓడాక తొందరగా వదిలేశారు. "ఆ గోడ రెండుసార్లు చెరిపి గీసినవ్, ఇప్పుడు నిటారుగా నిలబడ్డది" అనండి. కంటికి కనిపించింది చెప్పండి, చాలు.

ఆరో లేన్ (జేఎన్ఎస్, హన్మకొండ)
పోటీల మీద నాకు వేరే మాట ఉంది సారు. ఆటల పిల్లలకు పోటీ లేకుంటే ఉప్పు లేని పప్పు. కానీ ఎనిమిదేండ్లలోపు ముగ్గురికి ప్రైజులిచ్చి ముప్పై మందిని ఉత్త చేతులతోటి ఇంటికి పంపే పోటీ వద్దు. పోయినసారి నువ్వు దూకింది 110 సెంటీమీటర్లు, ఇయ్యాల 116, గట్ల తనతోటి తనకే పెట్టాలె. గోడ మీద సుద్దగీత కొట్టి తారీఖు రాస్తే ఏ కప్పూ అక్కర్లేదు.

తిస్రం (రంగశాయిపేట)
గురువును ఎంచుకునేటప్పుడు ఫీజు కన్నా ముందు ఒక క్లాసు వెనక కూర్చుని చూడండి. తప్పు వచ్చినప్పుడు "మళ్లీ" అని మాత్రమే అంటారా, ఎక్కడ తప్పో చూపిస్తారా? అయిదారేళ్లవాళ్లు ఎనిమిది మంది కన్నా ఎక్కువ ఉంటే ఒక్కొక్కరి గొంతు ఎవరికీ వినపడదు. చేర్చాక మూడు నెలలు మాట. మధ్యలో "పోను" అంటే మూడు నెలలు అయ్యాక ఆపుదాం అనండి, అప్పుడు నిజంగానే ఆపండి. క్లాసు లేని రోజున తనే కూనిరాగం తీస్తోందా అన్నదే నా కొలత.

పోచమ్మమైదాన్ నాన్న
నోటుబుక్కుల పద్నాలుగు రోజుల్ల తొమ్మిదిసార్లు ఒక్కటే తీరు ఉంటే ఏమనుకోవాలె అక్కా? గిన్నెలు, చెప్పులు, బట్టల క్లిప్పులు, ఏది దొరికితే అది వరుస పేర్చుడు. తనే మొదలువెడ్తది. పావుగంట.

అంగన్‌వాడీ పలక (పర్వతగిరి)
తమ్మీ, ఆ వరుస దేని ప్రకారం ఉన్నదో రాసినవా? చిన్నది నుంచి పెద్దదానికా, రంగు మార్చి రంగుకా, ఒకటి విడిచి ఒకటా? ఎప్పటికీ ఒకే వరుస ఉండి, ఒక్కటి జరిపితే ఏడ్చి ఆగమైతే పైన డాక్టరమ్మ రాసిన నాలుగు సంగతులు ఒకసారి చూసుకో. వరుస మారుతూ ఉంటే భయం లేదు. రేపు ఎర్ర క్లిప్పు, నీలం, నీలం, ఎర్ర, నీలం, నీలం అని పెట్టి లేచిపో, ఏం అడగకు. అది తనంతట ముందుకు పెంచుతదా, ఇంకో తీరుగ మారుస్తదా చూడు. పెంచితే ముగ్గుకు తీసుకపో. మూడు చుక్కలు, మూడు వరుసలు చాలు మొదట, వారం తర్వాత అయిదు. నోటుబుక్కుల వద్దు, వాకిట్ల సుద్దముక్కతోటి. చుక్కలు నువ్వు పెట్టి, గీత ఆమెకు విడిచిపెట్టు.